సుద్దగీతల కారు

మా నేస్తం చెట్ కుబియాక్‌కి ఒక కారు ఉండేది. ఉండేది అంటే, చక్రాలూ ఇంజనూ నేల మీద ఉండేవి, బాడీ గాల్లో వేలాడుతూ ఉండేది. రెంటికీ మధ్య ఒక మనిషి నిలబడేంత ఎడం. ఆ ఎడంలోనే మా చెట్ సగం జీవితం గడిపాడు.

నా మనవరాళ్ళు నమ్మరు. తాతయ్య మాటల్లో సగం తీసేసి వినాలని వాళ్ళమ్మ నేర్పింది. అదీ న్యాయమే. ఒక ఏడు వచ్చిన గాలివానకి మా ఇంకో నేస్తం ఫ్లోరియన్ కోళ్ళగూడు సరస్సు దాటి కెనడాలో పడిందనీ, కోళ్ళు మర్యాద నేర్చుకుని తిరిగొచ్చాయనీ చెప్పింది నేనే. ఈ కథలో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. ఉంటే నాకూ బాగుండేది.

మా రోజుల్లో కారు పెట్టెలో వచ్చేది. కాలిఫోర్నియాలో ఎవరో ఫైబర్‌గ్లాస్‌తో, అంటే జిగురు పూసిన గాజునారతో, అచ్చు తీసిన బాడీని చెక్కపెట్టెలో పెట్టి గూడ్సు రైలెక్కించేవారు. దాన్ని పాత ఫోర్డు ఛాసిస్ మీద, అంటే చక్రాలూ ఇంజనూ ఉన్న ఇనపచట్రం మీద, బిగించుకోవడం కొన్నవాడి పాట్లు. మా మిషిగన్ కుర్రాళ్ళలో అలా కిట్ కారు తెప్పించుకున్నవాడు చెట్ ఒక్కడే. పెట్టె పగలగొట్టి చూస్తే దానికి తలుపులే లేవు. తలుపులు ఉండవలసిన చోట గీత ఉంది, అంతే. రంపంతో కోసుకోవాలి.

కోయడానికి డెల్ఫీన్ సాయం వచ్చింది. అప్పటికి వాళ్ళకి పెళ్ళి కాలేదు, ఉంగరం మాత్రం తొడిగాడు. మేమందరం ఒకే పడవల కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. చెట్, నేను, ఫ్లోరియన్ పడవలు బిగించేవాళ్ళం, డెల్ఫీన్ గాజునార పరిచి రెసిన్ జిగురు పూసేది. డ్రైవరు పక్క తలుపు చెట్ తిన్నగానే కోశాడు. రెండోవైపు కోసేటప్పుడు అవతల డెల్ఫీన్ బాడీని పట్టుకుని నిలబడింది. వాడు రంపం వైపు చూడలేదు. ఆ తలుపు వంకరగా వచ్చింది.

గాజుపొడి ఒంటికి పట్టిందంటే మూడు స్నానాలకీ వదలదు. మర్నాడు చర్చి పూజలో ఇద్దరూ ఒకటే గోక్కోవడం. మాకు చదువు చెప్పిన సిస్టర్ యూఫ్రేజియా వెనక బల్ల మీంచి ముందుకు వంగి, "పశ్చాత్తాపమా, గజ్జా?" అని అడిగింది. గుళ్ళో నవ్వినందుకు ఆమె చేత చెవి మెలి తిప్పించుకున్నవాణ్ణి నేను. అప్పటికి నాకు మీసాలు కూడా ఉన్నాయి.

ఆ కారులోనే పెళ్ళికి వెళ్ళారు. ఆ తరవాత ప్రతి ఆదివారం పూజ కాగానే సరస్సు దాకా వెళ్ళేవారు, ఒడ్డున దుకాణంలో వేయించిన చేపలు తిని వచ్చేవారు. వంకర తలుపు సందులోంచి చలిగాలి డెల్ఫీన్ మోకాలికి కొట్టేది. ఆమె తన ఆకుపచ్చ తలగుడ్డ తీసి ఆ సందులో కుక్కేది. చేపల దుకాణం దగ్గర ఆ గుడ్డ ముందు కనబడేది, కారు తరవాత.

అలా ఇరవై ఏళ్ళు బాగానే తిరిగింది. డెబ్భైల చివర్లో చెట్‌కి దాన్ని పాతకార్ల ప్రదర్శనకి తీసుకెళ్ళాలని బుద్ధి పుట్టింది. మేమంతా వెంట వెళ్ళాం. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక న్యాయనిర్ణేత వచ్చాడు. తలుపు సందులో ముందు వేలు పెట్టాడు, తరవాత చెయ్యి మొత్తం పెట్టాడు.

"ఇందులోంచి సాండ్‌విచ్ అందించొచ్చు" అన్నాడు.

"అందిస్తాం కూడా," అంది డెల్ఫీన్. "దోసకాయ ఊరగాయ పెట్టి ఇవ్వనా, ఉత్తిది చాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ చేతితొడుగులవాడూ నవ్వాడు. చెట్ నవ్వలేదు. 

ఆ ఏడు ఆకులు రాలే వేళలోనే మమ్మల్ని కొట్టంలోకి పిలిచాడు. మరలు విప్పి, ఆరుగురం కలిసి బాడీ పైకెత్తి, నాలుగు పట్టీలు వేసి దూలాలకి వేలాడదీశాం. కారుని మొదటినుంచీ సరిగ్గా చేయాలి, అదీ వాడి ఉద్దేశం. గోళ్ళతో గీరినా సందు దొరకకూడదు.

ఫ్లోరియన్ కిందినుంచి చూసి, "వంగిపోకుండా అడ్డకర్రలు వేద్దామా?" అన్నాడు.

వేయాలని మాకందరికీ తెలుసు. కార్ఖానాలో పడవ డొల్లని ఒక్క పూట కూడా ఊరికే వదిలేవాళ్ళం కాదు. దాని పొట్టకి సరిపోయే చెక్క చట్రంలో కూర్చోబెట్టేవాళ్ళం. ఫైబర్‌గ్లాస్‌ది మెతక స్వభావం. ఎలా పట్టుకుంటే మెల్లమెల్లగా అలాగే వంగిపోతుంది. అందులోనూ తలుపులు కోసేసిన బాడీకి నడుములో బలం ఎక్కడిది?

"ఒక్క చలికాలమే కదరా," అన్నాడు చెట్. "మంచు కరిగేసరికి దించేస్తాం."

ఇంట్లో డెల్ఫీన్ పియెరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయలు, వేయిస్తోంది. ఉల్లిపాయ వాసన కొట్టం దాకా వచ్చింది. మేము అడ్డకర్రల సంగతి అక్కడే వదిలేసి వెళ్ళి తిన్నాం.

ఇక చెట్ ప్రణాళిక మొదలుపెట్టాడు. ఛాసిస్ పక్కన ఖాళీగా ఉన్న కొట్టం నేల మీద సుద్దముక్కతో కారంత కారూ గీశాడు. ముందు లైట్లు, సీట్లు, తలుపులు అన్నీ అసలు కొలతల్లో. చెరిగితే మళ్ళీ గీసేవాడు. లైట్లు నాలుగు వేళ్ళు వెనక్కి జరపాలా, రేడియేటరు ముందుకి జరపాలా అన్నదాని మీద ఒక శీతకాలం పూర్తిగా పోయింది. ఇంజను విప్పి, బిగించి, నచ్చక మళ్ళీ విప్పాడు. ఛాసిస్‌కి రంగు ఎలా వేశాడంటే దానిలో చూసి తల దువ్వుకోవచ్చు. నేను దువ్వుకున్నాను కూడా, అప్పట్లో నాకు జుట్టుండేది. బాడీ జోలికి మాత్రం పోలేదు. కింద అంతా అయ్యాకే పైది ముట్టుకోవాలట.

నరకంలో మంటలుండవనీ, అన్నీ రేపటికి సిద్ధమయ్యే చోటునే నరకం అంటారనీ సిస్టర్ యూఫ్రేజియా బడిలో చెప్పేది. ఇంటిలెక్కలు చేయని పిల్లలని భయపెట్టడానికే ఆ మాట అంటుందని అనుకునేవాణ్ణి.

సాయంత్రాలు డెల్ఫీన్ కాఫీ పట్టుకుని కొట్టంలోకి వచ్చేది. వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి, సుద్దగీతల కారులో కుడివైపు సీటున్న చోట వేసుకుని కూర్చునేది. ఊరికే అడ్డదిడ్డంగా గీత దాటి లోపలికి వచ్చేది కాదు. తలుపు దగ్గర ఆగి, లేని పిడి పట్టుకుని, లేని తలుపు తెరిచి, కూర్చుని, మూసుకునేది.

"ఒరే బెన్నీ, వెనక నిలబడకు, పొగ కొడుతుంది" అనేది నాతో.

"ఎందాకా వచ్చాం?" అనేవాణ్ణి.

"చర్చి దాటాం. ఏమయ్యా చెట్, మలుపులో మెల్లగా పోనీ. అక్కడ పోలీసువాడు చెట్టుచాటున ఉంటాడు."

"నన్ను పని చేసుకోనీ," అనేవాడు చెట్, మోకాళ్ళ మీద ఉండి సుద్దతో గీస్తూ.

"నువ్వు డ్రైవరువి. బండి కిందికి దూరావేమిటి?"

సరస్సు వచ్చిందని తనే చెప్పేదాకా కుర్చీ దిగేది కాదు. అప్పుడు తలుపు తీసుకుని దిగి, ఖాళీ కప్పులతో ఇంట్లోకి వెళ్ళేది.

మొదట్లో మేము పడి పడి నవ్వేవాళ్ళం. నాలుగేళ్ళు గడిచాక చిరునవ్వే మిగిలింది. ఆ తరవాత నేను ఆ వేళప్పుడు కొట్టంలోకి వెళ్ళడం తగ్గించాను.

ఒకరోజు నా ఎదుటే అడిగింది. "చెట్, దాన్ని ఎలా ఉన్నది అలా దించి పెట్టెయ్యి. పగుళ్ళున్నా సరే, సందున్నా సరే. నాకు ఎక్కాలనుంది."

"చేస్తే ఒక్కసారే సరిగ్గా చేయాలి, డెల్ఫీన్."

"నేనూ ఒక్కసారే ఎక్కుతాలే."

"ఈ వసంతానికి" అన్నాడు చెట్.

వసంతాలు చాలా వచ్చాయి. డెల్ఫీన్‌కి పాదాలు వాచడం మొదలైంది. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని చెట్ అడిగితే, "ఈ వేసవి సంతోషంగా గడపండి" అన్నాడట. అది విని వాడు నా దగ్గరకి వచ్చి వరండాలో చాలాసేపు కూర్చున్నాడు. టోపీ చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు.

"శనివారం దించేద్దాం బెన్నీ. ప్రణాళిక లేదు, ఏమీ లేదు. ఆదివారం ఆమెని సరస్సుకి తీసుకెళ్తాను."

ఎత్తినప్పుడు ఆరుగురం. దించడానికి చెట్, ఫ్లోరియన్, నేను మిగిలాం. ఫ్లోరియన్ ఇద్దరు అల్లుళ్ళనీ తెచ్చాడు. డెల్ఫీన్ కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకుంది. తలకి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుంది. సందులో కుక్కీ కుక్కీ ఒక అంచు నల్లబడిన గుడ్డ అది.

"ప్రయాణం రేపు కదా," అన్నాను.

"నీకేం తెలుసు, ఇవాళే బయల్దేరొచ్చు" అంది.

ముందు చెట్ ఇంజను తిప్పి చూపించాడు. మొదటి తిప్పుకే అందుకుంది. పిల్లి గురక పెట్టినట్టుంది ఆ చప్పుడు. డెల్ఫీన్ చప్పట్లు కొట్టింది. అన్నేళ్ళ తరవాత చెట్ ముఖం వెలగడం ఆ పూట చూశాను.

పట్టీలు వదులు చేశాం. బాడీ మెల్లగా దిగింది. ముందువైపు మర రంధ్రాలు కలిశాయి. వెనకవైపు జానెడు ఎత్తున లేచి నిలబడింది. వెనక నొక్కితే ముందు లేచింది. ముసలాడి వెన్నులా మధ్యలో గూని తేలింది. పట్టీలు పట్టుకున్న చోట్ల పట్టుకున్నట్టే ఉండిపోయింది, తక్కినదంతా జారిపోయింది.

చెట్ వంకర తలుపు తెచ్చి దాని చోట పెట్టబోయాడు. చెయ్యి దూరేంత సందు ఉండిన చోటది. ఇప్పుడు తలుపు పట్టలేదు. రెండు పక్కలూ దగ్గరికి ముడుచుకుపోయాయి. భుజంతో తోశాడు, పిడికిలితో గుద్దాడు. ఫ్లోరియన్ సాయం చేద్దామని వెనక భాగం మీద కూర్చున్నాడు. అప్పుడొక చప్పుడు వచ్చింది. మార్చి నెలలో సరస్సు మీద మంచు పగిలే చప్పుడు.

"దిగు ఫ్లోరియన్," అంది డెల్ఫీన్ గుమ్మంలోంచి. గాజునార చప్పుళ్ళు ఆమెకి మా అందరికన్నా బాగా తెలుసు.

చెట్ తలుపు గోడకి ఆనించాడు. "నడుం దగ్గర కోసేసి, లాగి, కొత్త నార వేసి అతకాలి. నాకు ఈ ఒక్క చలికాలం ఇవ్వు డెల్ఫీన్."

"చలికాలం నా దగ్గర లేదు చెట్. ఉంటే ఇచ్చేదాన్ని."

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఫ్లోరియన్ దానివైపు వేలు చూపించాడు. "ఒరే, ఆ బాడీ తీసి పక్కన పెట్టు. ఛాసిస్ మీద రెండు సీట్లు బిగిద్దాం. పది నిమిషాల పని. ఇంజను బంగారంలా ఉంది. సరస్సు దాకా మెల్లగా పోండి."

డెల్ఫీన్ అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తలుపు లేదు, అద్దం లేదు," అన్నాడు చెట్. "గడ్డిమోపులా తీసుకెళ్ళనా నిన్ను?"

"గడ్డిమోపులానే వస్తాను. నాకేం సిగ్గు?"

"జనం చూస్తారు."

"ఎవరు చూస్తారయ్యా? ఆ తెల్ల చేతితొడుగులవాడు పోయి ఎన్నాళ్ళైందో."

చెట్ చేతిని ఇంజను మీద పెట్టి నిలబడ్డాడు. ఒప్పుకుంటాడనే నేను అనుకున్నాను. ఇప్పటికీ కలలో ఒప్పుకుంటూ ఉంటాడు. మెలకువలో మాత్రం తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. "ఇలా కాదు," అన్నాడు. "ఇలా మాత్రం కాదు."

మేము బాడీని ఎత్తి గోడవారగా పెట్టి, ఒకరి ముఖం ఒకరం చూడకుండా పనిముట్లు సర్దుకున్నాం. డెల్ఫీన్ తన కుర్చీని తనే లాక్కుంటూ సుద్దగీతల్లోకి వచ్చింది. తలుపు దగ్గర ఆగింది, తెరిచింది, కూర్చుంది. చెట్ ఇన్నేళ్ళలో ఎప్పుడూ పక్కన కూర్చున్నవాడు కాదు. ఆ పూట ఒక రంగు డబ్బా బోర్లించుకుని డ్రైవరు చోట కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పోనీ," అంది డెల్ఫీన్.

వాడు కుడికాలు కాస్త ముందుకి జరిపాడు.

"చర్చి దాటామా?"

"దాటాం," అన్నాడు చెట్.

"మలుపు?"

"వస్తోంది."

ఆమె తలగుడ్డ ముడి విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. "ఆపు చెట్. నేనిక్కడ దిగిపోతాను."

"సరస్సు ఇంకా రాలేదు కదే."

"తెలుసు."

లేచింది. ఈసారి తలుపు తెరవలేదు. ముందు చక్రం మీదుగా, లైటు మీదుగా నడుచుకుంటూ బయటికి వెళ్ళింది. ఆమె చెప్పులు పడిన మేర సుద్ద చెరిగిపోయింది.

ఆకులు రాలకముందే డెల్ఫీన్ పోయింది. పూజ అయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. చెట్ పళ్ళెం ముట్టుకోలేదు. నేనూ ఫ్లోరియనూ వాడికి చెరో పక్కా కూర్చున్నాం.

"మీరిద్దరూ శనివారం రండి," అన్నాడు చెట్, పళ్ళెంలోకే చూస్తూ. "ఆ బాడీని మళ్ళీ పైకి కట్టాలి. నేల తేమ పట్టేస్తోంది. ఈసారి అడ్డకర్రలు వేద్దాం."

ఫ్లోరియన్ ఏదో అనబోయాడు. నేను బల్ల కింద వాడి కాలు తొక్కాను.

శనివారం వెళ్ళాం. మంచి ఓక్ కర్రలు, సరైన కొలతకి కోసి ఉంచాడు. వేశాం.