మొదటి నీళ్ళు పారబోసే చిన్నాయన

చిన్నాయన పోయాడు. మంగళవారం పొద్దున సబ్హాన్‌లో కంపెనీ బస్సు దిగేసరికి మా గోడౌన్ షట్టరు సగమే ఎత్తి ఉంది. రోజూ అందరికంటే ముందొచ్చి దాన్ని పూర్తిగా ఎత్తేది ఆయనే. ఎత్తుతూ ఎత్తుతూ అక్కడే కూలబడ్డాడని, అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయిందని ఫోర్క్‌లిఫ్టు నడిపే బెంగాలీ అతను హిందీలో చెప్పాడు. చివర్లో ఖలాస్, అయిపోయింది అని చెయ్యి తిప్పాడు. అతని తప్పేం లేదు, ఈ అరబ్బు దేశంలో అన్నిటికీ అదే మాట. కానీ నాకు ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఇద్దరిదీ రాజంపేట వైపు, అంతే. చైనా టీ తెప్పించి అమ్మే కంపెనీలో ఆయన స్టోర్‌కీపరు, నేను ఆఫీసులో లేబుళ్ళూ కరపత్రాలూ తయారుచేసే గుమాస్తాని. చేరిన కొత్తలో సార్ అని పిలిస్తే, సారూ గీరూ వద్దు, చిన్నాయనా అను చాలు అన్నాడు. అలా చిన్నాయన అయ్యాడు.

మీలో చాలామందికి టీ అంటే పాలు, చక్కెర, కాస్త అల్లం. నాకూ అంతే. కంటైనరు వచ్చిన రోజు ఆయన పని చూస్తే తెలిసింది అదెంత పెద్ద లోకమో. సరుకు ర్యాకెక్కకముందే ప్రతి రకం నుంచీ చిటికెడు తీసి, పిడి లేని బుల్లి కప్పుల్లో కాచి రుచి చూడాలి. తెల్ల టీ అంటే లేత మొగ్గలు, ఊరికే వాడ్చి ఎండబెట్టినవి. పచ్చ టీని పెనం మీద వేడి తగిలించి రంగు నిలబెడతారు. ఊలాంగ్ సగం మాగింది. మనం నల్ల టీ అనేదాన్ని చైనావాళ్ళు ఎర్ర టీ అంటారు, అది పూర్తిగా మాగింది. పూయర్‌ని పిడకల్లా గుండ్రంగా నొక్కి, కాగితంలో చుట్టి, ఏళ్ళ తరబడి దాస్తారు. ఇన్ని రకాల చెట్లున్నాయా అని నేను నోరెళ్ళబెడితే ఆయన నవ్వాడు.

"చెట్టొకటే అబ్బీ. ఆకొకటే. దాన్ని ఎంత ఏడిపిస్తే అంత రంగు."

పూయర్‌కీ ఊలాంగ్‌కీ మొదటి నీళ్ళు తాగడు. వేణ్నీళ్ళు పోసి, నాలుగంకెలు లెక్కపెట్టి, సింకులో పారబోస్తాడు. అది దుమ్ముది, రెండోదే మనది అంటాడు. నేను ఒకసారి తొందరపడి మొదటి కప్పే నోట్లో పెట్టుకుంటే చేతిలోంచి లాక్కున్నాడు. ఇన్ని రుచులు తెలిసిన మనిషి తాగేది మాత్రం స్టీలు ఫ్లాస్కులో గదినుంచి తెచ్చుకున్న పాల టీ. మూడు చెంచాల చక్కెర. ఇదేంటి చిన్నాయనా అంటే, అది ఉద్యోగం, ఇది టీ అనేవాడు.

కథలు కూడా చెప్పేవాడు, నమ్మీ నమ్మనట్టు. ఏ రాజుగారి వేణ్నీళ్ళలోనో ఆకు రాలి పడిందన్న కథ చెప్పి, రాజుకు నీళ్ళు కాచిన మనిషి పేరెవరికీ తెలియదు చూడు అనేవాడు. మొదట్లో అక్కడ ఈ ఆకుని మందుగా వాడేవాళ్ళట, తాగే అలవాటు తర్వాత వచ్చిందట. బిళ్ళలుగా నొక్కి కొండల మీదుగా టిబెట్టుకు మోసుకెళ్ళి బదులుగా గుర్రాలు తెచ్చుకునేవాళ్ళట. దారిలో నెలల కొద్దీ ఎండా వానా తగిలి ఆకు నల్లబడి రుచి మారిందని, పూయర్ పుట్టుక అదేనని చెప్పేవాడు. మల్లె టీ పెట్టె తెరిచిన రోజు మాత్రం ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆకు మధ్య మల్లెమొగ్గలు పరిచి, వాసన పట్టాక పూలు ఏరి పారేస్తారట. పెట్టె మూతి దగ్గర కాసేపు నిలబడి, ఇంటికి ఫోన్ చేసుకునేవాడు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆయన గురించి రాస్తే అది దొంగ ఏడుపు.

రెండేళ్ళ కిందట పచ్చ టీ ప్యాకెట్లలో పెట్టడానికి తెలుగు కరపత్రం రాయమన్నారు. మనవాళ్ళు ఎక్కువ కొంటున్నారట. ఇంగ్లీషు కాగితంలో ఉన్నది కొంచెమే: ఉత్సాహాన్నిస్తుంది, తిన్నాక కడుపు తేలికపడుతుంది, చక్కెర లేకుండా తాగితే ఒంటికి మంచిది. నాకది చప్పగా అనిపించింది. ఊళ్ళో వైద్యుడి పుస్తకాలు చదివిన తెలివి ఒకటి ఏడ్చింది కదా, నా అంతట నేనే ఒక వాక్యం చేర్చాను. రోజుకు మూడు కప్పులు తాగితే మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వస్తుందని. ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళే లేరు, అచ్చయిపోయింది.

చిన్నాయన చదివాడు. కట్ట పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఈ మాట తీసెయ్యబ్బీ. తాగితే హాయిగా ఉంటాది, అంతే. రక్తం తక్కువుండే ఆడోళ్ళు అన్నంతో పాటు తాగితే అదీ చెరుపే. మందు మందులంగట్లో ఉంటాది."

ఇవన్నీ ఎవరు చదువుతారు చిన్నాయనా అని నేను నవ్వేశాను. కట్టలు బయటికి పోయాయి.

చదివింది ఒక అక్క. రాయచోటి మనిషి, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో వంటపని. సెలవు దొరికిన శుక్రవారాల్లో మా గది దగ్గర కలిసేది, చిన్నాయనని అన్నా అనేది. ఆమెకు షుగర్. మాత్రల కోసం ఆస్పత్రికి పోవాలంటే మామాని, అంటే ఆ ఇంటి యజమానురాలిని, అడగాలి. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, కొత్తది చేయించకుండా ఇంటికి పంపేస్తారని భయం. వంటింట్లో మా పచ్చ టీ ప్యాకెట్టు ఉంది, అందులో నా కాగితం ఉంది. మాత్రలు మానేసి మూడు పూటలా టీ తాగింది. కాలి వేలికి తగిలిన దెబ్బ మానలేదు. ఎవరికీ చెప్పలేదు. చివరికి మోకాలి కిందికి కాలు తీసేశారు.

చిన్నాయనా నేనూ ఆస్పత్రికి చూడబోయాం. మంచం మీద ఆమె ఏడవడం లేదు, ఆశ్చర్యపోతోంది.

"ఈ దేశంలో మనకు అర్థమయ్యేటట్టు ఏదన్నా రాసుంటారా అన్నా? అది తెలుగులో రాసుండాది. మనోళ్ళు మనకు అబద్ధం ఎందుకు రాస్తారు?"

చిన్నాయన నా వైపు చూడలేదు. నేను ఫోన్ వచ్చినట్టు నటించి వరండాలోకి పారిపోయాను. పది నిమిషాలకు ఆయన బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మరుసటి వారం నుంచి శుక్రవారం శుక్రవారం బ్నీద్ అల్ గార్ దాకా తెలుగువాళ్ళ గదులు, బకాలాలనే చిల్లర కొట్లు తిరిగి ఆ కాగితాలు ఏరుకొచ్చేవాడు. నేను రెండు వారాలు వెంట వెళ్ళాను. మూడో వారం తలనొప్పి అన్నాను. ఆయన ఒక్కడే వెళ్ళాడు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆ అక్కకి ఫోన్ చేశాను, కబురు చెప్పడానికి. ఇప్పుడు ఆమె రాయచోటిలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది.

"సంవత్సరం పొడుగునా ఫోన్ చేసినాడు. నేను ఎత్తలేదబ్బీ. ఆ కాగితం రాసింది నేనేనమ్మా అని ఆ పొద్దు ఆస్పత్రిలో నా మంచం పట్టుకోని ఏడ్చినాడు గదా. ఎట్ల ఎత్తేది?"

ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఆ అబద్ధం ఆయనతో పాటే పెట్టెలోకి పోయేది. నిజం చెప్తున్నాను, ఆ ఆలోచన వచ్చింది.

"ఆయన కాదక్కా. రాసింది నేను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నీతో నాకు మాటల్లేవు, అన్నను ఊరికి ఏ పొద్దు తెస్తారో అది మటుకు చెప్పు అంది. ఆయన్ని ఊరికి పంపే కాగితాలు పూర్తవడానికి మూడు నాలుగు రోజులు పడుతుందన్నాను. ఆటో మాట్లాడుకుని రాజంపేటకు పోతానంది. పెట్టేసింది.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. మనవాళ్ళు నమ్ముతారని తెలిసే రాస్తున్నాను. షుగర్ మాత్రలు మానకండి.

ఈరోజు పూయర్ కంటైనరు వచ్చింది. రుచి చూసేవాళ్ళు లేక నన్ను పంపారు. బిళ్ళ అంచు విరిచి, వేణ్నీళ్ళు పోసి, నాలుగంకెలు లెక్కపెట్టి సింకులో పారబోశాను. రెండోసారి పోసి కప్పులో వంచాను. నోటి దాకా తెచ్చుకుని దించేశాను. పక్కన ఆయన స్టీలు ఫ్లాస్కు అలాగే ఉంది, మంగళవారం పొద్దున నింపుకొచ్చింది. కడుగుదామని తీస్తే బరువుగా ఉంది. మూత తియ్యలేదు, మళ్ళీ అక్కడే పెట్టాను.