నాన్న పడిన తీరు

హోసూరు బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మీద యానిమేషన్ కోర్సు చదివాను. చివరి సంవత్సరంలో ప్రతి ఒక్కరూ ఒక చిన్న సినిమా చేసి చూపించాలి. నేను మా నాన్న చావును ఎంచుకున్నాను. ఆయన మా నాన్న అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోడ్డు దాటే గొర్రెల కాపరి కథ అన్నాను.

మాది ఉద్దనపల్లి పక్కన చిన్న పల్లె. మామిడికాయలు దించడం అయిపోగానే నాన్న, చిన్నాయన గొర్రెలను తోలుకొని కృష్ణగిరి వైపు పోయేవాళ్లు. తోటల్లో మంద కడితే నేలకు ఎరువు అవుతుందని తోటలవాళ్లే పిలిచేవాళ్లు. అట్లా పోయిన ఒకసారి, తెల్లవారుతుండగా హైవే దాటుతుంటే లారీ వచ్చింది. నేను అప్పుడు ప్లస్ టూలో ఉన్నాను. నాన్నను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు. అమ్మ విప్పమని అడిగింది. పెద్దవాళ్లు విప్పనివ్వలేదు.

సినిమాను మొదటిసారి క్లాసులో వేసినప్పుడు, లారీ తగిలి మనిషి గాల్లోకి లేచి కింద పడగానే అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ఆపుకోలేక. నా పక్కన కూర్చున్న నా రూమ్మేట్ కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను బెంచీ అంచు పట్టుకొని తెరనే చూస్తూ ఉండిపోయాను.

లైటు వేశాక సార్ ఎందుకు నవ్వారని అడిగారు. రూమ్మేటే చెప్పింది.

"తప్పుగా అనుకోవద్దే. ఆయప్ప బాల్ మాదిరి ఎగిరి పడినాడు కదా, దానికే నవ్వు వచ్చేసింది."

సార్ ఇంట్లో తమిళం మాట్లాడే మనిషి. మాతో మాత్రం తెలుగులోనే మాట్లాడేవారు. "నవ్వినోళ్ల మీద కోపం పెట్టుకోవద్దమ్మా," అన్నారు. "నీ మనిషికి బరువు లేదు. బరువు లేనోడు పడితే ఎవరికైనా నవ్వే వస్తాది."

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. కానీ ఆయన చెప్పింది నిజమే. కోర్సు మొదట్లో మాకు బంతి ఎగిరి పడడం గీయడం నేర్పారు. ఆ వంపునే నేను తెలియకుండా నాన్నకూ పెట్టేశాను.

ఆ ఆదివారం ఊరికి పోయి చిన్నాయనను అడిగాను. గొర్రెలను అమ్మేసి ఆయన గ్రానైట్ షెడ్డుకు పనికి పోతున్నాడు.

"నేను ముందర నడస్తా ఉన్నానమ్మా. సద్దు విని తిరిగినాను. అప్పటికే పడిపోయి ఉండె. ఎట్ల పడినాడో నేను చూళ్లేదు." మళ్లీ తనే అన్నాడు, "చూసింటే మాత్రం నీకు చెప్తానా."

ఇక నేనే కనుక్కోవాలి. హాస్టల్ మిద్దె మీద పరుపు వేసి, రూమ్మేట్ ఫోనులో తీస్తుంటే మళ్లీ మళ్లీ పడ్డాను. రాగుల మూటను ఎత్తి వదిలి చూశాను. బరువున్నది పైకి లేవదు. మోకాలు ముందు వంగుతుంది, తర్వాత భుజం నేలకు తగులుతుంది, అన్నిటికన్నా చివర తల. అది గీస్తున్నప్పుడు ఏదైనా ఒక బొమ్మ సరిగ్గా కుదిరితే సంతోషం వేసేది. ఆ వెంటనే లేచి వెళ్లి మొహం కడుక్కునేదాన్ని.

రెండోసారి వేసినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి తల వంచుకుంది. "ఇప్పుడు ఉండాది బరువు," అన్నారు సార్.

మళ్లీ ఊరికి పోయినప్పుడు, చిన్నాయన ద్వారా విని అమ్మ తనే అడిగింది. "నాయన గురించి ఏందో చేసినావంట. చూపియ్ పాపా."

మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టాను. అమ్మ ముందుకు వంగి చూసింది. "గొంగడి ఏసుకునేది అచ్చం ఆయన మాదిరే ఉండాది," అని మెల్లగా అంది. క్లాసులో ఎవరు మెచ్చుకున్నా అంత సంతోషం కలగలేదు. తర్వాత లారీ వచ్చింది. సినిమా అయిపోయాక కూడా అమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇట్లనే పడినాడా?"

"తెలీదమ్మా. చిన్నాయన కూడా చూళ్లేదంట. నేనే అనుకొని గీసినాను."

"ఇన్నాళ్లూ నాకు ఆయన గొర్రెల యెనక పోయేదే కనిపిస్తా ఉండె. ఇంక ఇదే కనిపిస్తాది."

నన్ను తిట్టలేదు. లేచి, ఆరేసిన బట్టలు తీయడానికి బయటికి పోయింది.

పడే భాగాన్ని తీసేశాను. గొర్రెలు రోడ్డు దాటుతాయి, వాటి వెనక ఎవరూ రారు, అక్కడితో సినిమా అయిపోతుంది. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్లు ఆ మనిషి ఏమయ్యాడో అర్థం కాలేదన్నారు, మార్కులు తగ్గించారు. ఇప్పుడు హోసూరులోనే ఒక ఆఫీసులో, యంత్రాలు ఎట్లా పనిచేస్తాయో చూపించే బొమ్మలు చేస్తున్నాను. ఏది చేసినా ముందు ఎవరికో ఒకరికి వేసి, తెరను కాకుండా వాళ్ల మొహం చూస్తాను.

ఆ భాగం తీసేశానని అమ్మకు చెప్పాను. తల ఊపింది కానీ చూస్తానని అనలేదు. చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది.

"పడినాక తల కొంచెం కదిలింది కదా పాపా, నీ దాంట్లో. అంటే ఆయనకు నొప్పి తెలిసిందా?"

"అది నేను గీసిందమ్మా. నిజంగా జరిగింది కాదు," అన్నాను.

అమ్మ సరేనంది. గరిటె పట్టుకొని, ఇంకేమైనా చెబుతానేమోనని అక్కడే నిలబడింది.