పిల్లి మెడకు మేకముడి

పిల్లి మెడలో గంట కట్టేదెవరని లోకమంతా అడుగుతుంది. మహబూబాబాద్‌లో మా ఇంట్లో ఆ బెంగ లేదు. మా ఆయన ఉన్నాడు. చిన్నప్పుడు జఫర్‌గఢ్‌లో మేకలు కాచాడు కాబట్టి నాలుగు కాళ్లున్న ప్రతి జీవి మీదా ఆయనకు సర్వహక్కులూ ఉన్నాయి.

మా పిల్లి ఇరుగుపొరుగు పాలగిన్నెల దాకా వెళ్తుండేది. ఎవరైనా కొట్టి చంపుతారేమోనని నా భయం. మెడలో పట్టీ ఉంటే పెంపుడు పిల్లి అని తెలుస్తుంది కదా అన్నాను. అనడమే ఆలస్యం, మా ఆయన మేకతాడు తీసి, గంట గుచ్చి, బిగించి పీటముడి వేశాడు.

"జర వదులు చెయ్యి. రెండు వేళ్లు దూరాలె."

"మేకలకు కట్టిన చెయ్యి ఇది. ముడి ఊడితే మేక పోయినట్టే. నాకే చెప్తున్నవా?"

పిల్లి దగ్గింది. అది మెప్పుకోలు అనుకున్నాడు ఆయన. నేను పోరగా పోరగా ఆ తాడు కోసి మరొకటి కట్టాడు. ఈసారి ఎంత వదులంటే, వేళ్లేమిటి, పిల్లి ముందుకాలే దూరేంత. మా ఇంట్లో మధ్యేమార్గానికి చోటు లేదు.

మర్నాడు పొద్దున పెరట్లో గంట ఆగకుండా మోగింది. వెళ్లి చూస్తే, రేకుల షెడ్డు అంచున మేకుకు తాడు తగులుకుని పిల్లి వేలాడుతోంది. ఒక కాలు తాడులో ఇరుక్కుంది. నాలుక బయటికొచ్చింది. మా ఆయన దాన్ని ఎత్తిపట్టి ముడి విప్పబోయాడు. ఊడితే అది ఆయన ముడి ఎందుకవుతుంది?

"కత్తెర తే, జల్దీ!"

తాడు తెగింది. పిల్లి ఆయన చెయ్యంతా గీరి, తన ధన్యవాదాలు తెలిపి పారిపోయింది.

పసుల దవాఖానలో, గట్టిగా గుంజితే దానంతటదే ఊడే క్లిప్పు పట్టీ పెట్టమన్నారు. "ఊడేదానికి కట్టుడెందుకు?" అని దారంతా గొణిగాడు. అయినా కొన్నాడు. వేళ్లు దూర్చి చూసుకుని మరీ పెట్టాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం పిల్లి ఇంటికి రాలేదు. మా ఆయన గోడలెక్కి వెతికాడు, అన్నం ముట్టలేదు. నాకు వెటకారం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. చాలాసేపటికి ఒళ్లంతా దుమ్ముతో, బోసి మెడతో గోడ దూకి వచ్చింది.

"కొత్త పట్టీ పోయింది," అన్నాను.

"పోనియ్యే," అన్నాడు దాన్ని ఒళ్లోకి తీసుకుంటూ. "ఏడనో ఇరికినట్టుంది. గుంజుకోని ఇంటికొచ్చింది నా బిడ్డ."