సైలెన్సరుకూ పట్టాకూ మధ్య రెండు వేళ్ల సందు

ఉదయం ఆరుంబావుకు మా కాంపౌండరు కరీముల్లా గారు మోటారు సైకిలు వెనక సీటు మీద గోనెసంచి మడతపెట్టి పరిచి, దాని మీద సర్దుకుని కూర్చుని, "పోదాం పదండి సార్. ఇవాళ ఎక్కడ పడేస్తారో చూద్దాం" అన్నారు. 1963 జూన్ నెల. టీకాలకు బయలుదేరిన ప్రతి ఉదయం ఆయన ఆ మాట అనేవారు. చాలా రోజులు ఆయన అన్నట్టే జరిగేది.

నేనప్పుడు చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో వెటరినరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. ఊళ్ల వాళ్లకు పశువుల డాక్టరుని. మందులు కలపడం, కట్లు కట్టడం, నేను సూది వేసేటప్పుడు పశువును కదలకుండా పట్టించడం కాంపౌండరు పని. కరీముల్లా గారు నాకంటే పదేళ్లు పెద్ద. హోదాలో నేను పైన, అనుభవంలో ఆయన పైన అన్న సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి మా మధ్య పేచీ వచ్చేది కాదు. ఆయన పోయిన వేసవిలో చనిపోయారు. ఈ సంగతి ఆయన నోట వినవలసినది. ఆయన చెబితే ఎద్దులు కూడా మాట్లాడేవి. నేను జరిగినంత వరకే చెప్పగలను.

తొలకరికి ముందు మా పని గొంతువాపు టీకాలు. వానలు పడగానే వచ్చే జబ్బు అది. సాయంత్రం మేత మేసిన గేదె తెల్లారేసరికి గొంతు వాచి, ఊపిరాడక గురక పెడుతూ పడిపోతుంది. వచ్చాక చేయగలిగింది తక్కువ. ముందుగా టీకా వేస్తే రాదు. టీకా వేశాక పశువుకు ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, మెడ దగ్గర వాపు ఉంటుంది. ఆ రోజుల్లో దానికి పని చెప్పకూడదు. అందువల్ల తొలి వాన పడి దుక్కికి అరకలు కట్టాక ఏ రైతూ ఎద్దును టీకాకు తీసుకురాడు. వాన రాకముందే అన్ని ఊళ్లూ తిరగాలి. మందును ఊక పోసిన చెక్కపెట్టెలో ఐసు మధ్య పెట్టుకుని, అది కరిగేలోగా వెళ్లాలి. ఎద్దుబండి మీద వెళితే మనం చేరేసరికి పెట్టెలో నీళ్లే మిగిలేవి. అందుకే మోటారు సైకిలు.

మా బండి యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న పాత బళ్లలో ఒకటి. ఇంజను గట్టిది. దాని పొగగొట్టం ఇంజను తల దగ్గర బయలుదేరి, కుడివైపుగా కిందికి దిగి, నేలకు జానెడు ఎత్తున వెనక్కి సాగి సైలెన్సరులో కలుస్తుంది. కుడివైపు పడితే మొదట నేలకు తగిలేది అదే. పేటలో తారురోడ్డు మీద అది సమస్య కాదు. మా ఊళ్లకు తారురోడ్లు లేవు, డొంకలు ఉన్నాయి. రెండు పక్కలా చేలు ఎత్తుగా ఉండి, మధ్యలో బండ్లు నడిచి నడిచి లోతుపడ్డ దారి డొంక. వానాకాలంలో మెత్తబడ్డ నల్లరేగడిలో పడ్డ చక్రాల గాడులు ఎండాకాలానికి రాయిలా గట్టిపడతాయి. ముందు చక్రం ఒకసారి గాడిలో దిగితే మళ్లీ పైకి రాదు. మనం పడతాం. మా బండి ఎక్కువగా కుడివైపే పడేది.

ఆ రోజు పెద్ద డొంక మధ్యలో పడ్డాం. దెబ్బలేమీ తగల్లేదు. ఐసుపెట్టె కరీముల్లా గారి ఒళ్లో భద్రంగా ఉంది. పడేటప్పుడు ఆయన దాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకునేవారు. బండి లేపి స్టార్టు చేస్తే పిడుగు పడ్డట్టు చప్పుడు. పొగగొట్టం ఇంజను తల దగ్గర ఊడింది, సైలెన్సరు పొట్ట చీలింది. ఆపేసి తోద్దామంటే మా ఇద్దరి వల్లా కదల్లేదు. మైలుకు పైగా దారి ఉంది, ఐసు కరుగుతోంది. అలాగే వెళ్లాం.

డొంక వెళ్లి కలిసేది ఊరి పశువులు మేసే బీట్లో. అక్కడే ఊరి పశువులన్నిటినీ టీకా కోసం తోలుకొచ్చి నిలబెట్టారు. మా చప్పుడు మాకంటే ముందు చేరింది. మేం మలుపు తిరిగేసరికి బీడంతా దుమ్ము. గేదెలు చెరువు వైపు, ఆవులు ఊళ్లోకి, ఎద్దులు చేలకడ్డంపడి పరిగెత్తుతున్నాయి. వెంకయ్య అనే రైతు జత ఎద్దులు పలుపులు తెంపుకుని పోయాయి. అవి ఆ చుట్టుపక్కల పేరున్న జత. మూడేళ్లుగా వాటిని బిడ్డల్లా మేపుతున్నాడు. ఆ రెండూ దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఒకదాని కాలు గీరుకుపోయింది.

వెంకయ్య చేతిలో తెగిన పలుపుతో నా ముందుకొచ్చాడు.

"డాక్టరు గారండీ, తమరు జబ్బు రాకుండా సూదేత్తానికి వచ్చారా, జబ్బు రాకముందే సంపటానికి వచ్చారా?"

నేను క్షమించమన్నాను. మిగిలిన పశువులకైనా వేద్దామంటే పావు వంతు కూడా లేవు. ఉన్నవాటికే వేశాం.

"వచ్చే సోమవారం మళ్లీ వస్తాం" అన్నాను.

"రండి. ఆ ఫిరంగితో మాత్రం రాకండి. అది ఇనపడిందంటే నా ఎద్దుల్ని నేనే తోలుకుపోతా. మా వోళ్లు కూడా నా ఎనకాలే."

ఆయన మాట ఊరంతా వింటుందని నాకు తెలుసు. పక్క ఊళ్లో ముందు రోజే గొంతు వాచి ఒక గేదె చచ్చిపోయిందని కూడా తెలుసు. దక్షిణాన మబ్బులు కడుతున్నాయి. సోమవారం ఆ డొంకలో చప్పుడు లేకుండా వెళ్లకపోతే ఆ ఊరికి ఆ ఏడు టీకా లేనట్టే.

పర్చూరులో ఏసురత్నం దగ్గరికి వెళ్లాం. పొగాకు బ్యారన్లలో ఆకు ఆరబెట్టడానికి వేడి పొగ పోయే రేకు గొట్టాలు ఉంటాయి. వాటిని చెయ్యడం ఆయన పని. వేసవిలో బ్యారన్లు మూతపడి ఉంటాయి కాబట్టి ఖాళీగా ఉన్నాడు. పొద్దున్నే పాటలు పాడుకుంటూ రేకులు కత్తిరించే మనిషి, ఆదివారం మాత్రం సుత్తి ముట్టడు.

"ఇంజను పొగైనా బ్యారన్ పొగైనా పొగేగదండీ. గొట్టం నేను చూసుకుంటా. పడకుండా తోలటం మీరు చూసుకోండి" అన్నాడు.

"అది ఆయన చేతిలో లేదయ్యా. ఆ బండికి కుడికాలు కాస్త పొట్టి" అన్నారు కరీముల్లా గారు.

ఏసురత్నం చీలిన సైలెన్సరుకు రేకు మాసిక వేసి రివెట్లు కొట్టాడు. ఊడిన చోట బిగించాడు. బండి మళ్లీ మామూలుగా పలికింది. పడ్డప్పుడు అది మళ్లీ ఊడకుండా ఏం చెయ్యాలన్నది అసలు ప్రశ్న.

మొదటి ఉపాయం నాది. గొట్టం చుట్టూ కొబ్బరితాడు దట్టంగా చుట్టి, పైన తడిమట్టి పూస్తే దెబ్బ మెత్తగా తగులుతుందని చెప్పాను. చుట్టాం. పర్చూరు వీధి చివరికి వెళ్లేలోగా మట్టి ఎండి రాలింది, తాడు పొగలు కక్కింది. వెనక నుంచి, "సార్, మనం సూదులేస్తన్నామా, ఊరికి ధూపం ఏస్తన్నామా?" అని కరీముల్లా గారి గొంతు వినిపించింది. ఆయన పంచె అంచు కాలింది. తాడు విప్పేశాం.

రెండో ఉపాయం ఏసురత్నానిది. ఎద్దుబండి చక్రానికి చుట్టూ తొడిగే ఇనప పట్టా ముక్క తెచ్చి, గొట్టం బయటి వైపు పొడుగునా ఆనించి, మూడు చోట్ల బిగించాడు. సుత్తితో కొట్టి చూపించాడు. గొట్టానికి గీత పడలేదు. ఆయనా నేనూ గర్వంగా చూశాం. పడేదాకా ఆగడం ఎందుకు, ఇక్కడే పడేసి చూద్దామన్నాడు ఏసురత్నం.

గవర్నమెంటు డాక్టరు వీధి మధ్యలో నిలబడి తన మోటారు సైకిలును తానే కుడివైపు తోసి పడెయ్యడం పర్చూరు వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. నిమిషంలో జనం చేరారు. "ఒరేయ్, డాక్టరు గారికి బండి మీద కోపమొచ్చిందిరా!" అని ఒకడు. "ఎద్దు మాట ఇనకపోతే కూడా ఇట్టాగే పడేత్తారేంట్రా?" అని ఇంకొకడు. బండి పడింది. పట్టాకు ఏమీ కాలేదు. గొట్టానికి సొట్ట పడలేదు. కరీముల్లా గారు స్టార్టు చేశారు. మళ్లీ ఫిరంగి.

వంగి చూశాం. గొట్టం ఇంజను తల దగ్గర ఊడిపోయింది. కారణం అప్పుడు అర్థమైంది. పట్టా గొట్టానికే బిగించి ఉంది. నేల కొట్టిన దెబ్బను పట్టా తీసుకుంది, తనలో ఏమీ ఉంచుకోకుండా గొట్టానికి అందించింది. గొట్టం గట్టిపడింది కాబట్టి వంగలేక, దెబ్బను నేరుగా ఇంజనుతో కలిసే కీలు దగ్గరికి పంపింది. మేం చేసిన రక్షణ వల్ల నష్టం చోటు మాత్రమే మారింది. ఏసురత్నం తల గోక్కున్నాడు. నేనూ గోక్కున్నాను. శనివారం మధ్యాహ్నం దాటింది.

కరీముల్లా గారు ఒక పక్కన కూర్చుని కుడి మడమ రుద్దుకుంటున్నారు. "మీ గొట్టం గొడవే మీది. నా కాలిపీట సంగతి ఎవడూ చూడడు. పడ్డప్పుడల్లా దాని కొస నేలకు కొట్టుకుని వంకరపోతంది. దానికి పక్కనే ఉన్న గొట్టానికి మాత్రం ఎన్నిసార్లు పడ్డా ఏమీ కాదు. దాని దెబ్బ కూడా నా పీటే తింటంది!"

ఆయన ఫిర్యాదు చేస్తున్నారు. ఏసురత్నమూ నేనూ ఒకేసారి కాలిపీట వైపు చూశాం. కాలిపీట బండి చట్రానికి బిగించి ఉంటుంది, గొట్టానికి తగలదు. గొట్టం కంటే బయటికి ఉంటుంది. అది ఉన్నచోట గొట్టం నున్నగా ఉంది.

తర్వాత పని చకచకా సాగింది. అదే పట్టాను ఏసురత్నం కొలిమిలో కాల్చి విల్లులా వంచాడు. ముందు కొస ఇంజను ముందున్న చట్రపు కమ్మీకి, వెనక కొస కాలిపీట బోల్టుకు. మధ్యలో పట్టా గొట్టానికీ సైలెన్సరుకూ బయటగా, ఎక్కడా ఆనకుండా. ఎంత సందు ఉండాలన్న దాని మీద వాదన జరిగింది. ఎక్కువైతే గాడి అంచులకు తట్టుకుంటుంది, తక్కువైతే పట్టా వంగినప్పుడు గొట్టానికి తగులుతుంది. చివరికి ఏసురత్నం తన చేతి రెండు వేళ్లు దూర్చి చూసి, "ఇంతే" అన్నాడు. ఆయన వేళ్లు లావు.

మళ్లీ పడేశాం. రెండోసారి పడేశాం. మూడోసారి జనంలో ఒక ముసలాయన, "నాయనా, దానికి ప్రాణం లేదు కాబట్టి సరిపోయింది" అని వెళ్లిపోయాడు. పట్టా కొంచెం లోపలికి వంగింది. గొట్టం, కీలు, సైలెన్సరు, మూడూ చెక్కుచెదరలేదు. వంగిన పట్టాను సుత్తితో సరిచేసి, ఏసురత్నం రేపు ఆదివారమని గుర్తుచేసి కొట్టు మూశాడు.

ఆదివారం రాత్రి జల్లు పడింది. ఇంకో గట్టి వాన పడితే అరకలు కడతారు. సోమవారం ఉదయం ఐసుపెట్టెతో బయలుదేరాం. డొంక పైపైన తడిసింది, కింద గట్టిగా ఉంది. అంతకంటే జారే నేల లేదు. పోయినసారి పడ్డచోటికి పది బారల ఇవతల మళ్లీ పడ్డాం, కుడివైపే. ఇద్దరం బురదలో కూర్చుని కొంతసేపు బండి వైపు చూశాం. స్టార్టు చెయ్యడానికి నాకు భయమేసింది. కరీముల్లా గారే లేచి కిక్కు కొట్టారు. బండి ఎప్పటిలాగే మెత్తగా పలికింది. ఆయన పట్టా మీద బురద చేత్తో తుడిచి, "ఇదీ మంచి ఎద్దే సార్" అన్నారు.

బీట్లో పశువులు నిలబడి ఉన్నాయి. వెంకయ్య మాకు వీపు తిప్పి, ఒక ఎద్దు గిట్ట పైకెత్తి చూసుకుంటున్నాడు. మేం బండి ఆపి, దిగి, పెట్టె దించేదాకా ఆయన తల తిప్పలేదు. ఎద్దులూ తిప్పలేదు. నెమరేస్తున్నాయి. కరీముల్లా గారు దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నారు.

వెంకయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఎప్పుడొచ్చారండీ?"

తర్వాత మా బట్టల మీద బురద చూశాడు. పడ్డామని అర్థమై పెద్దగా నవ్వాడు. బండి దగ్గరికి వచ్చి, పట్టా వెనక వేళ్లు దూర్చి, "ఇది దేనికి?" అని అడిగాడు. చెప్పాను. పట్టాను వేళ్లతో తట్టి, "అంటే ఇది దెబ్బ తింటానికే ఉందన్నమాట" అని, తన ఎద్దులను ముందుగా తీసుకొచ్చాడు. మిగతా ఊరు వెనక వచ్చింది. మధ్యాహ్నానికి అన్నిటికీ టీకా పూర్తయింది. గురువారం గట్టి వాన పడింది. ఆ వానాకాలం చుట్టుపక్కల మూడు ఊళ్లలో గొంతువాపు వచ్చింది. ఆ ఊళ్లో రాలేదు.

ఆ పట్టా నేను బదిలీ అయ్యేదాకా ఉంది. ఏసురత్నం దాన్ని చాలాసార్లు సరిచేశాడు. కొత్తది చేస్తానని ఎప్పుడూ అనలేదు, అవసరం రాలేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇది నాకు చాలా చోట్ల పనికొచ్చింది. కాపాడే వస్తువు కాపాడవలసిన దానికి ఆనకూడదు. ఆనితే దెబ్బను ఆపదు, అందజేస్తుంది. దాని ఆధారం వేరే గట్టి చోట ఉండాలి, మధ్యలో సందు ఉండాలి. తర్వాత ఐసుపెట్టెలు చేయించినప్పుడూ, పశువులను నిలబెట్టే బోన్లు కట్టించినప్పుడూ, నా కింద పనిచేసేవాళ్ల మీద పైనుంచి కోపాలు వచ్చినప్పుడూ ఈ లెక్కే చూసుకున్నాను. రెండో సంగతి, ఏ రక్షణనైనా అవసరం రాకముందే ఒకసారి దెబ్బ తినిపించి చూడాలి.

ఇప్పుడు మోటారు సైకిళ్లకు మెరిసే గార్డులు కొన్నప్పుడే బిగించి వస్తున్నాయి. వాటిలో కొన్ని సైలెన్సరుకే ఆనించి ఉండడం చూశాను. బండిని కావాలని ఒకసారి పడేసి చూడడం ఇప్పుడెవరూ చెయ్యడం లేదు.