మలుపులో పట్టేసిన టైరు

ఎనభైల తొలినాళ్లలో బాన్సువాడ దగ్గర వరి సాగు చేసేవాణ్ణి. పొలాల బురదలో దిగబడకుండా నా పాత జీపుకు చాలా పెద్ద చక్రాలు, టైర్లు ఎంచి తెచ్చాను.

"ఒక్క సైజు పెద్దయి సాలన్నా. గివి బండి మలిపితే మడ్‌గార్డుకు తాకుతయి," అన్నాడు మెకానిక్ యూసుఫ్. నేను వినలేదు. నా పట్టు చూసి చివరికి అతనే బిగించాడు.

వారం తిరక్కుండానే నా భార్య లక్ష్మికి పురిటి నొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు కాలువ గట్టు మీదుగా బయలుదేరాం. మలుపులో టైరు మడ్‌గార్డుకు పట్టేసి స్టీరింగ్ తిరగలేదు. బ్రేకు తొక్కేసరికి ముందు చక్రం గట్టు దాటి నీళ్లపైన వేలాడుతోంది. నేను స్టీరింగ్ వదలకుండా పట్టుకుని కూర్చుండిపోయాను.

"ఫికర్ చెయ్యకు, ఏం గాదు, నన్ను మెల్లగ దించు," అంది లక్ష్మి నొప్పిని ఓర్చుకుంటూ. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి, ఆమెను దించి ఎడ్లబండిలో పడుకోబెట్టారు. సాయంత్రానికి దవాఖానలో పాప పుట్టింది.

మర్నాడు యూసుఫ్ వచ్చాడు. "నీ మాట ఇనకపోతి," అన్నాను సిగ్గుతో.

"తెలిసి తెలిసి బిగించిన అన్నా. తప్పు నాది గూడ," అన్నాడతను తల వంచుకుని.

నన్ను నాలుగు మాటలు అనాల్సిన మనిషి! గట్టు మీద పడ్డ భయం ఎప్పుడో మరిచిపోయాను. అతని ముఖం మాత్రం ఈనాటికీ మరవలేదు.