పోయే డేటా

ఈ రోజు చీరలమ్మే మా ఆవిడ వీడియో కాల్‌లో బెంగుళూరులోని ఒకామెకు ధర్మవరం పట్టుచీర చూపిస్తుండగా బొమ్మ మళ్ళీ ఆగిపోయింది. బెంగుళూరు ఆమె వేరేచోట కొనుక్కుంటానని చెప్పి కాల్ పెట్టేసింది. ఈ నెలలో వచ్చిన బేరం అదొక్కటే. నేను ఫోన్లో క్రికెట్ చూడటం వల్లే నెట్ చాలడం లేదని మా ఆవిడ అంది.

రూటరు లెక్కలు తెరిచి చూశాను. క్రికెట్ చూస్తే డేటా లోపలికి రావాలి. ఇక్కడ వచ్చింది కొంచెమే, బయటికి పోయిందే ఎక్కువ. పంపుతున్నది ఇంటి వెనక బోరు దగ్గరి కెమెరా. మోటరు కేబుల్ దొంగల భయంతో పెట్టాం. బోరు ఎండాకాలంలోనే ఎండిపోయింది. కెమెరా దాన్నే పగలూ రాత్రీ చూపిస్తోంది.

“నాయనా, నీళ్లే లేవు కదా, కెమెరా తీసేద్దామా?” అన్నాను.

“మోటరు ఉండాది కదప్పా. అది గూడా పోతే, రేపు నీళ్లు పడినా ఏం పెట్టి తోడేది?”

“ఆ నీళ్లు పడేలోపల నా బేరాలన్నీ పోతాయి మామా,” అంది మా ఆవిడ.

నాయన లేచి బోరు వైపు పోయాడు.

కెమెరా తీయలేదు. క్రికెట్ మాత్రం మానేశాను, దానివల్ల ఏమీ మారదని తెలిసినా. మీరైతే తీసేవారా?