అందరికీ సీటు పట్టినవాడు

కాలేజీలో అతన్ని గైడు అనేవారు. సొంత పేరు హాజరుపట్టీలో ఉండేది. దాని దగ్గరికి అతను తరచుగా వెళ్ళేవాడు కాదు కాబట్టి ఆ పేరు ఎవరికీ పెద్దగా తెలియదు.

ఏ కోర్సులో పుస్తకం తెరవకుండా గట్టెక్కవచ్చో, ఏ మాస్టారు జవాబుపత్రాన్ని చేత్తో తూచి మార్కులు వేస్తాడో గైడుకి తెలుసు. పాఠాలు తప్ప అన్నీ తెలుసు. క్యాంటీనులో కిటికీ పక్క బల్ల అతని గద్దె. టర్ము మొదలవుతోందంటే జూనియర్లు అక్కడికి టీ పట్టుకుని వచ్చేవారు. అతను వాళ్ళ కాగితం చూసి, ఒక కోర్సు కొట్టేసి, ఇంకోటి రాసి, డాక్టరు మందుచీటీ ఇచ్చినట్టు చేతిలో పెట్టేవాడు. అనుపానం కూడా చెప్పేవాడు. మొదటి బెంచీలో కూర్చోవద్దు. ప్రశ్న అడగవద్దు.

సలహాతో ఆగేవాడు కాదు. అక్కడ రిజిస్ట్రేషన్ ముందు ఆఖరి ఏడువాళ్ళకి తెరుస్తారు, తర్వాత మూడో ఏడుకి, ఆ తర్వాత చిన్నవాళ్ళకి. చిన్నవాళ్ళ వంతు వచ్చేసరికి సులువైన కోర్సుల్లో చోటు మిగలదు. అందుకని పెద్దవాడెవడో ముందుగా తన పేరు మీద సీటు తీసుకుని ఉంచుతాడు. చిన్నవాడు కంప్యూటరు ముందు సిద్ధంగా కూర్చున్నాక ఫోనులో ఒక మాట అనుకుని ఇతను వదులుతాడు, అతను పట్టుకుంటాడు. దీన్ని కర్చీఫ్ వెయ్యడం అనేవారు. ఈ విద్యలో గైడుని మించినవాడు లేడు. నాలుగేళ్ళలో అతను చదివిన కోర్సులకంటే కాపలా కాసిన కోర్సులు ఎక్కువ.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క స్టాట్స్, అంటే గణాంకశాస్త్రం, మిగిలింది.

స్టాట్స్ లేనిదే ఆ శాఖలో ఎవరికీ డిగ్రీ ఇవ్వరు. దాన్ని ఇద్దరు చెప్పేవారు. సాయంత్రం ఒక ముసలి మాస్టారు, పొద్దున్నే ఒక మేడమ్. మాస్టారు నిద్రమత్తులో అందరినీ పాస్ చేసేవాడు. మేడమ్ రోజూ హాజరు తీసుకునేది, పేరు పెట్టి లేపి ప్రశ్న అడిగేది, తెలియదంటే తెలిసేదాకా కూర్చోనిచ్చేది కాదు. ఆమెకి కందిరీగ అని పేరు పెట్టింది గైడే. మాస్టారి క్లాసులో సీటు అతనికి ప్రతి ఏడూ దొరికేది. ప్రతి ఏడూ ఎవరికో ఇచ్చేసేవాడు. అది దానగుణం కాదు, ఎప్పుడైనా తీసుకోవచ్చులే అన్న ధీమా. గైడు ఆఖరి ఏడుకి వచ్చేసరికి మాస్టారు రిటైరయ్యాడు.

ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారు ఉంటాడు. డిగ్రీకి ఇంకా ఏమేం మిగిలాయో చూసి సంతకం పెట్టడం ఆయన పని. గైడు సలహాదారు సంతకం మాత్రం పెట్టేవాడు. చూడడం వేరే ఎవరి పనో అనుకున్నాడేమో.

గైడు అక్క ఇంట్లో ఉండేవాడు. అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. బావ లిఫ్టులు బాగుచేసేవాడు. పరీక్షకి రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక సర్వే ఆఫీసు మేనేజరుని, సూది గుచ్చుతూనే, మా తమ్ముడికి ఏదైనా చూడండి అని అక్క అడిగింది. ఆయన చేయి ఆమె చేతిలో ఉంది, కాదనలేకపోయాడు. ఈ టర్ము చివర్లో పట్టా తెస్తే ఉద్యోగం, తేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నాడు. అక్క ఆ మాట పట్టుకుని ఇంట్లో తిరిగింది. బావ మాత్రం నమ్మలేదు.

"ఏం బావమరిదీ, దిగుతావా ఈసారి? మా లిఫ్టు చెడిపోతే కూడా ఒకే అంతస్తులో నాలుగేళ్ళు ఉండదు" అన్నాడు.

"ఒక్క సబ్జెక్టే బావా. చిటికెలో పని."

"చిటికె వెయ్యడానికైనా చెయ్యి కదపాలి కదరా."

రిజిస్ట్రేషన్ నాడు గైడు స్టాట్స్ చూశాడు. ముగ్గురే చేరారు. ఆఫీసులో అడిగితే గుమాస్తా తల ఎత్తకుండా చెప్పాడు. పదిహేనుమంది లేకపోతే క్లాసు ఈ టర్ముకి రద్దు. మళ్ళీ వచ్చే ఏడే. ఎందుకు ఇంత తక్కువమంది చేరారో తనకి అర్థం కావడం లేదని కూడా అన్నాడు. గైడుకి అర్థమైంది. నాలుగేళ్ళుగా క్యాంటీను బల్ల మీంచి ఆ క్లాసుకి దడి కట్టింది తనే.

అతను తిన్నగా వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుని కొత్త పాట ఎత్తుకున్నాడు. స్టాట్స్ లాంటి కోర్సు లేదన్నాడు. మేడమ్ మారిపోయిందన్నాడు. ప్రశ్నపత్రం చూస్తే నవ్వొస్తుందన్నాడు. మూడో ఏడు అమ్మాయి ఒకతె టీ గ్లాసు కింద పెట్టింది.

"పోయినేడు ఆమె క్లాసులో కూర్చుంటే జ్వరం వస్తుందన్నావు కదన్నా?"

"అది పోయినేటి మాట. ఇప్పుడు కోరలు పీకిన పాము. నేనే చేరుతున్నా, చూడు."

ఆ చివరి మాటకి అందరూ పడిపోయారు. గైడు చేరుతున్నాడంటే అందులో చదవవలసింది ఏమీ ఉండదని వాళ్ళ లెక్క. అతని బతుకంతా చూసి వేసిన లెక్క, తప్పు పట్టడానికి లేదు. మధ్యాహ్నం మూడో ఏడువాళ్ళ వంతు రాగానే ఒకరికొకరు చెప్పుకుని ఎగబడ్డారు. పదిహేను దాటగానే గైడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. క్లాసు నిలబడింది. గండం గడిచింది. ఇంకో టీ తాగాడు.

తను మాత్రం ఇంకా చేరలేదు. ఒక్కొక్కరు ఇన్ని కోర్సులకి మించి తీసుకోకూడదని కట్టడి ఉంది. అతని పేరు మీద కర్చీఫ్‌లే నిండా ఉన్నాయి. సినిమా చరిత్ర ఒకరికి, ఆహారం–ఆరోగ్యం ఇంకొకరికి, తోటపని పొట్టోడు అని పిలిచే రెండో ఏడు కుర్రాడికి. ఒకటి వదిలితే స్టాట్స్ పడుతుంది. వదులుదామని తోటపని మీద వేలు పెట్టబోతుంటే పొట్టోడు ఫోను చేశాడు. తన వంతు సాయంత్రం వస్తుందని, అందాకా వదలవద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మిగతా ఇద్దరూ అదే పాట పాడారు.

గైడు మాట ఇచ్చాడు. మాట మీద నిలబడే మనిషినని అతనికి ఒక అభిప్రాయం ఉంది. ఎవరి మాట మీద ఎవరు నిలబడ్డారన్నది అతను ఆలోచించలేదు.

సాయంత్రం పొట్టోడికి తోటపని అందించి, అవతల కుర్రాడు సంతోషంతో అరుస్తుంటే నవ్వుకుని, అప్పుడు స్టాట్స్ తెరిచాడు. నిండిపోయింది. ఆ గదిలో ఎన్ని కుర్చీలున్నాయో అంతమంది చేరిపోయారు. అందరూ అతను పంపినవాళ్ళే.

మర్నాడు సలహాదారు దగ్గరికి వెళితే ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసులో మేడమ్‌ని అడగమన్నారు. మేడమ్ గదిలో ఒక్కతే కూర్చుని పెన్సిలు చెక్కుతోంది. గైడు నిలబడి చెప్పింది అంతా విన్నది. ఎంతో కొంత కల్పించాడు. ఇంటర్నెట్ పోయిందన్నాడు, అక్కకి బాగాలేదన్నాడు.

"మొదటి ఏడు ఏమైంది? రెండో ఏడు? మూడో ఏడు?" అంది ఆమె.

"కుదరలేదు మేడమ్."

"ఉన్నవాళ్ళని లేపి నిన్ను కూర్చోబెట్టలేను. ఎవరైనా మానేస్తే ఆ సీటు నీదే." పెన్సిలు మొన చూసుకుని మళ్ళీ అంది. "ఇన్నేళ్ళలో నా క్లాసు నిండడం ఇదే మొదటిసారి. ఎవరో సీనియర్ మంచిగా చెప్పాడట. కనిపిస్తే నా తరఫున థాంక్స్ చెప్పు."

గైడు చెబుతానన్నాడు.

కోర్సు మానుకోవడానికి గడువుంది. ఆ గడువులో గైడు చేసిన పని చూస్తే ఎవరికైనా సిగ్గేస్తుంది, అతనికి తప్ప. క్యాంటీనులో పొగిడిన నోటితోనే తిట్టాడు. ఆమె రాక్షసి అన్నాడు, పోయినేడు సగంమందిని ఫెయిల్ చేసిందన్నాడు. హాస్టలు మెట్ల మీద ఒక్కొక్కణ్ణీ ఆపి బతిమాలాడు. మీరు మళ్ళీ వచ్చే ఏడు తీసుకోవచ్చు, నాకు ఉద్యోగం పోతుంది అన్నాడు. అది ఒక్కటే నిజం. కానీ అప్పటికి ఏది నిజమో వాళ్ళు పట్టించుకోవడం మానేశారు. టీ గ్లాసు కింద పెట్టిన అమ్మాయే చివరికి చెప్పింది.

"కష్టంగానే ఉందన్నా. రోజూ లేపుతుంది. కానీ చెప్పింది అర్థమవుతోంది. ఇప్పుడు మానేస్తే మళ్ళీ మొదటినుంచీ ఈ పాట్లు ఎవరు పడతారు?"

"నా కోసం ఒక్కళ్ళు మానలేరా?"

"మా కోసం నువ్వు వదిలినవి తోటపని, సినిమా చరిత్ర. మేమూ అలాంటివే వదులుతాం."

పొట్టోడు పక్కనే ఉన్నాడు. తోటపనిలో ఖాళీ ఉంది, కావాలా అని అడిగాడు. వాడు ఎగతాళికి అనలేదు. సాయం చేద్దామనే అన్నాడు.

గడువు దాటిపోయింది. ఎవరూ మానలేదు.

ఇంట్లో అతను ఆ సంగతి వెంటనే చెప్పలేదు. కాలేజీ పద్ధతులు బాగాలేవని, కంప్యూటరు వ్యవస్థ దండగమారిదని, మాస్టార్లకి బాధ్యత లేదని భోజనం దగ్గర కూర్చుని ఉపన్యసించాడు. అన్నీ నిజాలే, అందుకే మరీ అసహ్యంగా వినిపించాయి. బావ హాస్యమాడలేదు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"పట్టా వస్తుందా రాదా?" అంది అక్క.

"అక్కా, అసలు జరిగిందేమిటంటే..."

"వస్తుందా రాదా?"

"రాదు."

అక్క ఫోను తీసి ఆ మేనేజరు నంబరు నొక్కి అతని చేతిలో పెట్టింది. నువ్వు చెప్పక్కా అన్నాడు. అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. అవతల పలికారు. గైడు సీట్లు, వంతులు, గడువులు అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి ఆగాడు. ఒక సబ్జెక్టు మిగిలిందండీ అన్నాడు. ఎందుకు మిగిలిందని అడిగినట్టున్నారు.

"నేనే తీసుకోలేదండీ" అన్నాడు.

అవతల మంచిదన్నారు. వేరే మనిషిని చూసుకుంటామన్నారు. కోపంగా కూడా అనలేదు.

అక్క ఫోను తీసుకుని పెట్టేసింది. "రేపట్నుంచి ఆవిడ క్లాసుకి వెళ్ళు."

"పట్టీలో నా పేరు లేదక్కా. వెళ్ళినా లెక్కలోకి రాదు."

"లెక్క నేనడిగానా? చెప్పేది విను. వచ్చే ఏడైనా పనికొస్తుంది."

"కుర్చీ కూడా లేదక్కా."

"నించో."

మర్నాడు వెళ్ళాడు. పాఠం సగం అయ్యాక.